ఒడ్డు కనపడేంత దూరం

మొన్న వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దే పని మీద కాకినాడ వెళ్ళాను. సముద్రాన్ని చూడడం నాకు అదే మొదలు. పెనుకొండ దగ్గరి ఊళ్ళో పుట్టి, పెనుకొండలోనే చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ నలభై దాటినవాణ్ణి. ఒక సాయంత్రం పేపర్లు దిద్దడానికి వచ్చిన అయ్యవార్లం కొందరం కలిసి పడవ మాట్లాడుకుని, కాలువలో నుంచి సముద్రం దాకా పోయాం. పడవ నడిపే ముసలాయన మధ్యమధ్య తాడు కట్టిన సీసపు గుండును నీళ్ళలోకి వదిలి, పైకి లాగి, దాని అడుగున అంటిన బురదను వేళ్ళతో నలిపి చూస్తున్నాడు. అదెందుకని మావాళ్ళు ఒకరినొకరు అడుక్కున్నారు. నేను చెప్పాను. గుండు అడుగున చిన్న గుంట ఉంటుందనీ, అందులో మైనమో కొవ్వో కూరతారనీ, తాడు లోతు చెబితే మైనానికి అంటిన మన్ను చోటు చెబుతుందనీ. పడవాయన నా వైపు తిరిగి, సరేనన్నట్టు తల ఊపాడు.

"మీది సీమ కదండీ, ఇవన్నీ మీకెలా తెలుసు?" అని గుంటూరు నుంచి వచ్చినాయన అడిగాడు.

"పుస్తకాల్లో చదివాను," అన్నాను.

ఏ పుస్తకమూ లేదు. నాకు అది చెప్పింది ఒక మనిషి. బతికి ఉండగా ఒకసారి, నలుగురి ముందు, నోరు మూసుకుని అతణ్ణి కాదన్నాను. చనిపోయాక, ఏ భయమూ లేని చోట, అడిగినవాడు నాకు ఏమీ కాని చోట, నోరు తెరిచి రెండోసారి కాదన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఊళ్ళో అందరూ అతణ్ణి సముద్రం మామ అనేవాళ్ళు. అసలు పేరు ఉంది. రాయను. ఆ మనిషిని నేను వాడుకున్నది చాలు.

ఏదో కరువులో, పదహారేళ్ళ వయసులో, ఉప్పు బండ్ల వెంట తూర్పుకు నడిచిపోయాడట. అక్కడ తెరచాప ఓడలో కూలీగా ఎక్కాడు. ముప్ఫై ఏళ్ళ తర్వాత తండేలుగా, అంటే ఓడ నడిపే పెద్దగా, దిగాడు. యుద్ధంలో రంగూను దారి మూసుకుపోయింది. ఒడ్డు వెంబడి తిరిగే సరుకును రైళ్ళూ లారీలూ ఎత్తుకుపోయాయి. అతని చివరి ఓడను రంపాలతో కోసి వంటచెరకు కింద అమ్మేశారు. మా జిల్లా మద్రాసు నుంచి విడిపోయిన రోజుల్లో అతడు ఊళ్ళో చెల్లెలి ఇంట్లో ఉంటూ, పొద్దున పాసింజరుకు హిందూపురం పోయి, చింతపండు మండీలో గోనెసంచులు కుట్టి వచ్చేవాడు. తెరచాపలు కుట్టిన చేయి అది. అరచేతికి తోలుపట్టీ ఒకటి బిగించుకుని, దబ్బనాన్ని దానితో తోసేవాడు. అతడు మూట కట్టిన ముడిని హమాలీలు ఎంత గుంజినా వచ్చేది కాదు. అతడు ఒక కొసను రెండు వేళ్ళతో లాగితే ఊడిపోయేది.

కాళ్ళు ఎడంగా వేసి నడిచేవాడు, నేల ఎప్పుడైనా కదులుతుందేమోనన్నట్టు. చెంబెడు నీళ్ళిస్తే సగం కొబ్బరిచిప్పలోకి వంచుకుని తాగి, మిగతా సగం తిరిగి ఇచ్చేవాడు. మా అమ్మ, "అంత పీనాసితనం యాల అబ్బయ్యా, తాగు," అంటే, "కరువు ఈడొక్కటే లేదమ్మా. ఆడ గూడ చుట్టూ నీళ్ళే, తాగేకి మాత్రం చెంబెడు," అనేవాడు.

కాఫీ హోటలు దగ్గర అతణ్ణి కూర్చోబెట్టుకుని ఆటపట్టించడం ఊరికి ఒక కాలక్షేపం.

"ఏం మామా, తిమింగలం చూసింటివా?"

"లేదప్పా."

"ఓడంత ఉంటాదంట గదా."

"ఉంటాదేమో. నేను చూళ్ళేదు."

"మల్ల ముప్పై ఏండ్లు ఏం చూస్తివి?"

"ఒడ్డు చూసినా. మాది ఒడ్డెంబడి పోయే ఓడ. కొండో, గోపురమో, తాళ్ళతోపో కనపడేంత దూరమే పోతాము. అవి కనపడకుంటే మాకు బయం."

"దానికి ఓడెక్కల్లనా? ఒడ్డున నిలబడుకోనుంటే చాలదా?"

"ఒడ్డున నిలబడుకున్నోడు సముద్రం చూస్తాడు. నేను ఒడ్డు చూసినా. అదే తేడా."

అందరూ నవ్వేవాళ్ళు. వాళ్ళకు వింతలు కావాలి. అతని దగ్గర ఉన్నవి బియ్యం మూటలు, ఉప్పు, పెంకులు, టేకు దుంగలు. వాళ్ళ కోసం వింతలు కల్పించడానికి అతడు ఒప్పుకోలేదు. వాన వస్తుందా అంటే తెల్దు. రైలు సమయానికి వస్తుందా అంటే తెల్దు. కొలవంది చెప్పగూడదప్పా, అనేవాడు. మా ఊళ్ళో తెలియదు అనే మాటను సిగ్గుపడకుండా పలికిన మనిషి అతడొక్కడే.

నేను అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. ఊళ్ళో పెద్ద రైతు కొడుకును, చదువుకున్నవాణ్ణి, పత్రికల్లో పేరు చూసుకోవాలని ఉబలాటపడేవాణ్ణి. నేను చెప్పే పాఠంలో మన తీరపు ఓడల గురించి ఒకే ఒక్క పేరా ఉండేది. ఏవో రాజుల నాణేల మీద ఓడ బొమ్మ ఉందని, ఆ తర్వాత తెల్లవాళ్ళు వచ్చారని. ఆ రెంటి మధ్యనా, ఆ తర్వాతా ఓడలు నడిపినవాళ్ళు ఎవరో అందులో లేదు. వాళ్ళలో ఒకడు మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రెండేళ్ళు, ఆదివారం సాయంత్రాలు, అతడు చెప్పాడు, నేను రాసుకున్నాను.

ఎండాకాలం చివర లేచే దక్షిణపు గాలికి ఉత్తరానికి పోవడం, కార్తీకం దాటాక ఉత్తరపు గాలికి దిగిరావడం, నడుమ తుఫాను నెలల్లో ఓడను ఏటి కాలువలోకి లాక్కెళ్ళి, తెరచాప కొయ్యలు దింపి, తాటాకులు కప్పి మూడు నెలలు చేపల కూర తింటూ పడి ఉండడం. లోతును బారల్లో కొలవడం. గోదావరి మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, మైనానికి నల్లని ఒండ్రు అంటుకుంటుందని, ఇంకా పైకి పోతే ముతక ఇసుక, గవ్వల పొడి వస్తాయని. మంచు కమ్మి కొండ కనపడని వేళ ఆ మన్నును నాలుక మీద పెట్టి, ఏ ఊరి ఎదుట ఉన్నామో పోల్చుకునేవాడట.

రేవుల పేర్లు చెప్పేటప్పుడు మాత్రం అతని గొంతు మారేది. కోరంగి, బందరు, భీమునిపట్నం, కళింగపట్నం. పోయిన చుట్టాలను తలుచుకున్నట్టు. ఒకసారి కోరంగిని ముంచిన ఉప్పెన గురించి అడిగాను. చెప్పి, వెంటనే ఆపాడు.

"పెద్దోళ్ళు చెప్పిరి అని రాయి. నేను పుట్టకముందరిది. నా మాట అని పెట్టొద్దు."

"ఎవరు చెప్తే ఏం మామా, జరిగిందే గదా."

"జరిగింది వేరే, నేను చూసింది వేరే."

నేను అలాగే అన్నాను, అలా రాయలేదు. అతడు చెప్పినప్పుడల్లా వాక్యం చివర వచ్చే 'ఏమో', 'అనిరి', 'నాకు తెల్దు' నాకు అడ్డంగా కనిపించేవి. శైలి బాగుండాలని తీసేసేవాణ్ణి. రెండేళ్ళ నోటుబుక్కుల్లో తెల్దు అనే మాట ఒక్కచోట కూడా లేదు.

మన్ను రుచి చూడడం ఎలాగో నా కళ్ళతో చూడాలనిపించింది. సముద్రం లేదు కదా. మా ఊళ్ళో అంజినప్ప అని గొర్రెల కాపరి ఒకడు ఉండేవాడు. మూడెకరాల మెట్ట, నలభై గొర్రెలు, బావి తవ్వుకోవాలన్న కోరిక. టెంకాయ చేత్తో పట్టుకుని నీళ్ళు చెప్పేవాడు ఒకడు వచ్చి ఏదో చోటు చూపించాడని, నమ్మాలో వద్దో తెలియక తిరుగుతున్నాడు. అతనితో నేనే అన్నాను, చేలో మూడుచోట్ల నడుములోతు తవ్వి మన్ను తీసుకురమ్మని, మామ చేత చూపిద్దామని. పత్రికకు రాయబోయే నా వ్యాసానికి ఒక దృశ్యం కావాలి, అంతే. అంజినప్ప ముఖం వెలిగింది. ముప్ఫై ఏళ్ళు నీళ్ళ మీద బతికినవాడికి నీళ్ళ జాడ తెలియకుండా ఎలా ఉంటుంది? మా మెట్ట ఊళ్ళలో ఎవరైనా అలాగే అనుకుంటారు. నీళ్ళు అంటే మాకు ఒకటే. మీద ఉన్నా, కింద ఉన్నా.

మన్ను మూడు గుడ్డముక్కల్లో మూట కట్టి ఇచ్చి, అంజినప్ప మందను తోలుకుపోయాడు. ఆ సాయంత్రం మామ మా అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే తడిపి, బొటనవేలితో నలిపి, నాలుక కొసకు అంటించుకుని, పక్కకు ఉమ్మాడు.

"ఇది సున్నం. ఇది చవుడు." మూడోది కొంచెంసేపు నోట్లో ఉంచుకున్నాడు. "దీంట్లో ఏటి ఇసక ఉండాది. గుండ్రంగా అరిగిపోయిండాది. ఎప్పుడో ఈడ వంక పారింటాది."

"అయితే కింద నీళ్ళుంటాయా?"

"'ఎప్పుడో' అన్యా. ఇప్పుడు ఉందో లేదో నాకు తెల్దు. నేను మీది నీళ్ళ మనిషిని అయ్యోరూ, కింది నీళ్ళు నాకు తెల్దు."

మరునాడు అంజినప్పతో నేను చెప్పిన మాట ఇది: "మూడో చోట కింద వంక ఉందన్నాడు మామ." అబద్ధం ఎందుకాడాను? అబద్ధమని కూడా అప్పుడు అనిపించలేదు. ముందురోజే వ్యాసానికి చివరి వాక్యం రాసి పెట్టుకున్నాను: సముద్రంలో నేర్చిన విద్య కరువు నేలలో నీటి జాడ చూపిందని. వాక్యం బాగా కుదిరింది. దానికి తగ్గట్టు మాటను కత్తిరించాను. వ్యాసాన్ని ఒక పత్రిక వేసుకుంది. అందులో అతని పేరు లేదు, 'ఒక వృద్ధ నావికుడు' అని ఉంది. నా పేరు ఉంది.

అంజినప్ప గొర్రెలు అమ్మి తవ్వకం మొదలుపెట్టాడు. మొదట ఇసుక తగిలింది, మామ చెప్పినట్టే, గుండ్రంగా అరిగిన ఇసుక. ఊరంతా వచ్చి చూసింది. ఇసుక కింద బండ. బండకు మందు కూరి పేల్చారు. దాని కింద ఇంకో బండ. గొర్రెలు నలభై నుంచి ఇరవైకి, ఇరవై నుంచి నాలుక్కి వచ్చాయి. పది నిలువుల లోతున ఒకరోజు అంజినప్ప పైకి వచ్చి, గంప పక్కన పెట్టి, మళ్ళీ దిగలేదు.

గొర్రెల్లో సగం అతని అన్న సొత్తు. అన్న పంచాయితీ పెట్టించాడు. చావడిలో మా నాయన నడుమ కూర్చున్నాడు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. మామ చివర, గడప దగ్గర.

"ఎవురు చెప్తే ఆడ తవ్వినావో నలుగురిలో చెప్పు," అన్నాడు అన్న.

అంజినప్ప తల వంచుకున్నాడు.

"అడుగుతాండారు గదా, చెప్పబ్బా," అన్నాడు మా నాయన.

"సముద్రం మామ."

"ఏమప్పా, నువ్వు చెప్తివా?"

మామ జవాబు చెప్పకముందు నా వైపు చూశాడు. కోపంగా కాదు. గుండు వదిలి, తాడు ఆగేదాకా చూసేవాడిలా. నేను ఒక్క మాట అంటే చాలు. స్తంభం మీది సున్నాన్ని గోటితో గీకుతూ ఉండిపోయాను.

"మన్ను నాలిక మీద పెట్టింది నేనే," అన్నాడు మామ.

ఆ తర్వాత జరిగింది చెప్పడం కష్టం. అతనికి దండుగ వేయలేదు. నవ్వారు. దండుగ వేసి ఉంటే బాగుండేది.

"సముద్రమంతా తాగొచ్చినోడు, బాయి ఒగటి చూపలేకపాయ."

"యాడి సముద్రమప్పా? మద్రాసులో ఎవురింట్లోనో అంట్లు తోమింటాడు."

"అందుకే తిమింగలం చూళ్ళేదు."

"ఓడ నడిపింటే కాగితం ఉండల్ల గదా. యాదీ, చూపీ?"

కాగితం లేదు. ఆ ఓడల మీద పని నోటిమాటగా దొరికేది, నోటిమాటగా పోయేది. ఓడే కట్టెలైపోయింది. అతడు ముప్ఫై ఏళ్ళు ఓడ నడిపాడని ఈ లోకంలో సిరాతో రాసి ఉన్నది నా నోటుబుక్కుల్లోనే. అవి చావడికి వంద గజాల దూరంలో, మా ఇంటి పెట్టెలో ఉన్నాయి. బావి సంగతి దాచిపెట్టినా, కనీసం ఓడ సంగతికైనా నేను సాక్ష్యం చెప్పి ఉండవచ్చు. అది చెబితే ఇది కూడా బయటపడుతుందేమోనని ఊరుకున్నాను. ఒక్క పూటలో అతని ముప్ఫై ఏళ్ళు లేకుండా పోయాయి. అతనికి ఇల్లు లేదు, పొలం లేదు, పెళ్ళాం బిడ్డలు లేరు. ఉన్నదల్లా తన మాట నిజమన్న పేరు. అది పోయింది.

వారం తర్వాత పెనుకొండ స్టేషనులో మూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"యాడికి మామా?"

"ధర్మవరం. లారీల మీద కప్పే పటాలు కుట్టే పనుండాదంట."

పక్కన కూర్చున్నాను. రైలు రావడానికి ఇంకా సమయం ఉంది. చివరకు అడిగాను, చావడిలో నా పేరు ఎందుకు చెప్పలేదని.

"ఓడ ఇసకలో దిగబడితే చుక్కాని ఎవురి చేతిలో ఉండెనని అడగరప్పా. తండేలు ఎవురని అడుగుతారు. మన్ను చూసి నోరు తెరిచింది నేను. నీ ఎదుట తెరిచింది గూడా నా తప్పే."

అతడు నన్ను కాపాడాడనే అప్పటిదాకా అనుకున్నాను. అతడు కాపాడుకున్నది తండేలుతనాన్ని. అందులో నాకు చోటు లేదు.

"'ఎప్పుడో' అన్యా గదా నేను," అన్నాడు మామ.

"అన్యావు మామా."

"రాసుకున్న్యావా?"

నేను పట్టాల వైపు తిరిగాను.

"అస్సలు కొలవనోడు బయపడి మెల్లగ పోతాడు. సగం కొలిచినోడే దైర్యంగా పోతాడు. మునిగేది వాడు, వాన్ని నమ్ముకోని ఎక్కినోళ్ళు." రైలు వచ్చింది. మూట ఎత్తి ఇవ్వబోయాను. "వద్దులే," అని తనే ఎత్తుకున్నాడు.

ధర్మవరం ఎంత దూరం? రైల్లో పూట కూడా పట్టదు. తర్వాత ఎన్నోసార్లు వెళ్ళాను, పెళ్ళిళ్ళకు పట్టుచీరలు తేవడానికి. లారీ షెడ్ల వీధి తప్పించి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఒక్కసారి మాత్రం ఆ వీధిన పోక తప్పలేదు. దూరం నుంచి కనిపించాడు. పరిచిన పటం మధ్య కూర్చుని కుడుతున్నాడు, చుట్టూ క్లీనర్లు ఏదో అంటున్నారు, అతడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఊరట కలిగింది, నా తప్పు దానంతట అదే తీరిపోయినట్టు. అంత నీచమైన ఊరట నేను జీవితంలో మరెప్పుడూ పొందలేదు. గొడుగు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాను.

చావడిలో పంచాయితీ జరిగిన ఎనిమిదేళ్ళకు, మా నాయన పోయిన మరుసటేడు, బడులు తెరిచే రోజుల్లో అంజినప్ప నన్ను వెతుక్కుంటూ పెనుకొండ వచ్చాడు. పంచాయితీ తర్వాత అతడు కూడా ఊరు విడిచి ధర్మవరంలో హమాలీగా కుదిరాడని విన్నాను కానీ, అక్కడ మళ్ళీ చూడలేదు. చేతిలో మడిచిన కాగితం ఒకటి ఉంది.

"బిడ్డను ఆరో తరగతిలో చేర్పిస్తాండా అయ్యోరూ. పుట్టిన తేదీ కాగితం కావల్లంట. మన పక్క అయ్యోరు ఎవురన్నా రాసిస్తే చాలన్యారు."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. మాటల మధ్య అన్నాడు: "మామ పోయినాడు గదా, తెల్సా? ఉగాది ముందర. పాడె ఎత్తేకి నేనూ, ముగ్గురు క్లీనర్లూ."

"నువ్వా?"

"మా ఇంట్లోనే గదా ఉండె, ఇన్నేండ్లూ. ఇంకెవురింట్లో ఉంటాడు?"

బావి చూపించి నాశనం చేశాడని అన్నవాడి ఇంట్లో. ఎనిమిదేళ్ళుగా మోసింది దించేయాలనిపించింది. అక్కడే, బడి వరండాలో, చెప్పేశాను. తప్పు నాదేనని, మామ 'ఎప్పుడో' అన్నాడని, నేను ఆ మాట తీసేశానని.

అంజినప్ప ఆశ్చర్యపోలేదు.

"తెల్సులే అయ్యోరూ. నువ్వు చెప్పిన పొద్దే పోయి మామను అడిగినా. నాకు తెల్దు, నా మాట మీద తవ్వొద్దు అన్యాడు."

"మరి ఎందుకు తవ్వినావు?"

"నువ్వు సదువుకున్నోడివి గదా. ఆయప్పకు చెప్పేకి రాలేదేమో, నీకు అర్థమైందేమో అనుకొంటి."

"చావడిలో నా పేరు ఎందుకు చెప్పలేదు?"

అతడు కాగితాన్ని ఇంకో మడత పెట్టాడు. "ముందురోజే మీ నాయన పిలిపించె. అయ్యోరి పేరు నలుగురిలో రాగూడదు అనె. మీ గట్టు మీదనే గదా మా గొర్రెలు పోవల్ల, ఉన్న నాలుగు. మామకూ నేనే పోయి చెప్తి, ఇట్ల నీ పేరు చెప్పల్లంట అని. కానీలే అన్యాడు."

"ఇంకా ఎవరికి తెలుసు?"

"చావడిలో ఉండినోళ్ళందరికీ."

అంటే ఆ నవ్విన వాళ్ళందరికీ. ఎనిమిదేళ్ళుగా నేను వీధిలో పోతుంటే అరుగుల మీంచి లేచి నిలబడిన వాళ్ళందరికీ. నా రహస్యం నా ఒక్కడికే రహస్యం. మామ నా వైపు చూసింది నేను చెబుతానేమోనని. అందరూ కలిసి మూసిన తలుపును నేనొక్కణ్ణే తెరవగలను. అది అతనికి తెలుసు.

"అయ్యోరూ, బస్సుకు పొద్దాయ," అన్నాడు అంజినప్ప.

కాగితం, కలం తెచ్చుకున్నాను. పాప ఎప్పుడు పుట్టిందని అడిగాను.

"తెల్దు. శెనక్కాయ పీకేటప్పుడు. యా ఏడో యాపకం లేదు. నువ్వే యాదో ఒగటి వేయి."

ఒక తేదీ వేశాను. ఈ సంగతి నాకు స్వయంగా తెలుసునని కింద రాసి, సంతకం పెట్టాను. అంజినప్ప ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, సిరా ఆరేదాకా ఊదాడు.

"నీ సంతకం ఉంటే ఇంగ ఎవురూ అడగరు," అన్నాడు.